ఇంటర్వెల్ ఎక్కడ వేయాలో తెలియని బొమ్మ: ‘ద లాస్ట్ ఆఫ్ ఇంగ్లండ్’

ఈ బొమ్మ మా రోజుల్లో విజయవాడ గాంధీనగరానికి వచ్చి ఉంటే ఒక్క బయ్యరూ అడ్వాన్సు ఇచ్చేవాడు కాదు. కథ లేదు, హీరో లేడు, పాత్రలు మాట్లాడుకోవు. గంటన్నర పాటు పాడుబడ్డ రేవులు, మంటలు, ముసుగు సైనికులు. సినిమా పంపిణీ ఆఫీసులో ప్రింటు పెట్టెలు సర్ది బతికిన నేనే చెబుతున్నాను, చూడండి. ఫోనులో మాత్రం వద్దు. మేము గవర్నరుపేటలో మా మేనల్లుడి ఇంట్లో గోడ మీద వేసుకుని చూశాం.

బ్రిటిష్ దర్శకుడు డెరెక్ జార్మన్ తీసిన ఈ సినిమా 1987లో వచ్చింది. బ్రిటన్‌లో అప్పుడు ప్రధాని మార్గరెట్ థాచర్ పాలన. నిరుద్యోగులు 30 లక్షలు దాటిన కాలం. లండన్ రాయల్ డాక్స్‌కు సరుకు ఓడలు రావడం 1981లోనే ఆగిపోయింది. అలాంటి రేవుల శిథిలాల్లోకే కెమెరా పట్టుకుని వెళ్లాడు. సినిమా పూర్తి కాకముందే, 1986 డిసెంబరులో, తనకు హెచ్.ఐ.వి. ఉందని ఆయనకు తెలిసింది. ఆ సంగతి తెలిసి చూస్తే ఇందులోని కోపం దేశం మీద మాత్రమే కాదనిపిస్తుంది.

తీసింది సూపర్ 8 ఫిల్ము మీద. ఇళ్లలో పుట్టినరోజులు తీసుకునే బుల్లి కెమెరా అది. దాన్ని వీడియోలోకి ఎక్కించి, కత్తిరించి, మళ్లీ థియేటర్లలో వేసే 35 ఎం.ఎం.కు పెంచారు. 35 ఎం.ఎం. ప్రింటు చేత్తో పట్టుకున్నవాడికి ఆ గరుకు వెంటనే తెలుస్తుంది. మధ్యమధ్య జార్మన్ తన తండ్రీ తాతా తీసిన ఇంటి సినిమాలు అతికించాడు. తోటలో పిల్లలు, వెంటనే శిథిలాలు. నాకు నచ్చనిది వెనక నుంచి వచ్చే కవితా వ్యాఖ్యానం. నైజెల్ టెర్రీ గొంతు మంచిదే కాని, కంటికి కనిపిస్తున్న నాశనాన్ని మళ్లీ చెవిలో చెప్పడమెందుకు?

నటి టిల్డా స్వింటన్ ఘట్టం వేరు. ఆమె పెళ్లికూతురు. వరుణ్ణి సైనికులు కాల్చేస్తారు. నీటి ఒడ్డున, మంట పక్కన నిలబడి పెళ్లిగౌను పెద్ద కత్తెరతో కోస్తుంది, అది తెగనిచోట పళ్లతో చింపుతుంది, గిరగిరా తిరుగుతుంది. గ్లిజరిన్ కన్నీళ్లు లేవు. ఆ బట్ట ఎంత మందమో మన చేతులకే తెలుస్తున్నట్టుంటుంది. ఈ ఒక్క రీలు కోసమైనా టికెట్టు కొనవచ్చు.

ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేది కాదు. ఒంటి మీద నూలుపోగు లేని ఒకడు పచ్చి కాలీఫ్లవరు కొరుక్కు తింటుంటాడు. సరిగ్గా అప్పుడే మా అక్కయ్య కాఫీ తెచ్చింది. తెర వైపు చూసి, “ఉడకబెట్టి పెట్టేవాళ్లే లేరా పాపం” అని గ్లాసులు పెట్టి వెళ్లిపోయింది.

సినిమా పేరు చిత్రకారుడు ఫోర్డ్ మాడక్స్ బ్రౌన్ 1855లో పూర్తి చేసిన రంగుల పటానిది. దేశం విడిచిపోతున్న దంపతులు, ఓడ అంచున వేలాడే క్యాబేజీలు. సినిమా చివరా మనుషులు పడవెక్కి కాగడా వెలుగులో వెళ్లిపోతారు. ఎక్కడికో జార్మన్ చెప్పడు.

“రెండో భాగం ఉందా మామయ్యా?” అన్నాడు మా మేనల్లుడు.