ఫైబర్ రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయడం: చాలాకాలం వాడాక సమీక్ష

ఫైబర్ కనెక్షన్ తీసుకున్నప్పుడు నెట్ వాళ్లు బిగించి వెళ్లే మామూలు బాక్సు గురించి ఈ సమీక్ష. ఫైబర్‌లోని వెలుగును నెట్ సంకేతంగా మార్చే ఓఎన్‌టీ, వైఫై రూటర్ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. వెనక పచ్చ కనెక్టరుతో సన్నటి పసుపు వైరు, రెండో నాలుగో లాన్ పోర్టులు, 12 వోల్టుల అడాప్టరు. పైన ఏ కంపెనీ పేరున్నా లోపలి పనితీరు దాదాపు ఒకటే కాబట్టి ఇక్కడ రాసింది చాలామందికి పనికొస్తుంది. నెట్ ఆగగానే ఇంట్లో ఎవరైనా చేసే మొదటి పని దీన్ని ఆఫ్ చేసి ఆన్ చేయడం. ఏళ్లుగా వాడాక దాని మీద నా అభిప్రాయం ఇది: కొన్ని సమస్యలు రీస్టార్ట్‌తో నిజంగానే పోతాయి. మిగతావాటికి అది పనికిరాదు, పైగా కారణం పట్టించే ఆధారాలన్నీ చెరిపేస్తుంది. స్విచ్ మీద చెయ్యి వేసేముందు ఒక్క నిమిషం బాక్సు వంక చూడండి అని గట్టిగా చెప్పడానికి కారణం అదే.

ముందు లైట్లు. ఎల్‌ఓఎస్ అని ఉన్న లైటు ఎర్రగా కొట్టుకుంటుంటే ఫైబర్‌లో వెలుగు బాక్సు దాకా రావడం లేదు. ఎక్కడో వైరు తెగి ఉండాలి, కనెక్టరు వదులై ఉండాలి, లేదా ఆపరేటర్ ఆఫీసులో పరికరం ఆగి ఉండాలి. ఎన్నిసార్లు ఆఫ్ చేసినా అది బాగవదు, నేరుగా ఫిర్యాదు చేయడమే. పాన్ (PON) అని ఉన్న లైటు ఆగకుండా కొట్టుకుంటుంటే వెలుగు వస్తోంది గానీ బాక్సు ఆపరేటర్ పరికరం దగ్గర నమోదు కావడం లేదు. ఇక్కడ ఒక్కసారి రీస్టార్ట్ చేసి చూడొచ్చు. పాన్ నిలకడగా వెలుగుతూ ఇంటర్నెట్ లైటు మాత్రమే ఆరిపోయినా, ఎర్రబడినా రీస్టార్ట్‌కు అసలైన సందర్భం అదే. అన్ని లైట్లూ బాగానే ఉండి ఫోన్లో పేజీలు తెరుచుకోకపోతే వైఫైనో, సైట్ల పేర్లను అంకెల అడ్రస్‌లుగా మార్చే డీఎన్‌ఎస్‌నో అనుమానించాలి.

తర్వాత బాక్సు సొంత పేజీ. బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడితే చాలావాటిలో వస్తుంది. కొన్నింటిలో 192.168.0.1, జియో బాక్సుల్లో 192.168.29.1. లాగిన్ వివరాలు అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. నెట్ లేకపోయినా ఈ పేజీ తెరుచుకుంటుంది, ఎందుకంటే అది బాక్సు లోపలే ఉంది. అందులో మూడు విషయాలు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి: బాక్సు ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో చెప్పే అప్‌టైమ్, ఫైబర్ నుంచి బాక్సుకు అందే వెలుగు ఎంత బలంగా ఉందో చెప్పే ఆప్టికల్ ఆర్‌ఎక్స్ పవర్, జరిగినవన్నీ వరుసగా రాసుకునే సిస్టమ్ లాగ్. చాలా బాక్సుల్లో లాగ్ ర్యామ్‌లోనే ఉంటుంది, ఆఫ్ చేసిన క్షణంలో పోతుంది. ఆన్ అయ్యాక కొత్త లాగ్ 1970 జనవరి 1 తేదీతో మొదలైతే కంగారు పడక్కర్లేదు. లోపల గడియారానికి బ్యాటరీ లేదు, నెట్ వచ్చాక సర్వర్ నుంచి టైమ్ తెచ్చుకుంటుంది.

ఆర్‌ఎక్స్ పవర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎవరూ పట్టించుకోని అంకె ఇదే. ఇళ్లకు వచ్చే ఫైబర్‌లో ఎక్కువగా వాడే పద్ధతి అయిన జీపాన్ లైన్లలో వెలుగు 1490 నానోమీటర్ల మీద ఇంటికి వస్తుంది, 1310 మీద వెనక్కి వెళ్తుంది. ఇళ్లలో ఎక్కువగా ఉండే బీ ప్లస్ తరగతి బాక్సులు −8 నుంచి −27 డీబీఎమ్ (వెలుగు బలానికి కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు) మధ్య పనిచేసేలా తయారవుతాయి. −18, −22 లాంటివి హాయిగా నడిచే అంకెలు. −25 దాటి కిందికి జారుతుంటే జాగ్రత్త పడాలి. −27 దగ్గర నెట్ పోతూ వస్తూ ఉంటుంది, రీస్టార్ట్ చేసిన వెంటనే ఓ గంట బాగుండి మళ్లీ పోతుంది. ఆ గంట చూసి రీస్టార్ట్‌తో బాగైందనుకుంటాం. 3 డీబీ తగ్గిందంటే వెలుగు సగమైందని లెక్క. మొదట్లో −20 ఉన్నది ఇప్పుడు −26 అయితే నాలుగో వంతే మిగిలింది. కారణం తరచుగా ఇంట్లోనే దొరుకుతుంది: సోఫా వెనక నలిగిన వైరు, తలుపు సందులో నొక్కుకుపోయిన వైరు, చుట్ట చుట్టి మేకుకు బిగించి కట్టిన వైరు. వంగినా తట్టుకునే జీ.657.ఏ1 రకం ఫైబర్‌కు కూడా వంపు వ్యాసార్థం 10 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. పాత జీ.652 రకానికి దాదాపు 30 కావాలి.

రీస్టార్ట్ పేరుతో ఈ పచ్చ కనెక్టరును పీకి పెట్టేవాళ్లు చాలామంది. దయచేసి ఆ పని మానండి. దాని మొన 8 డిగ్రీల కోణంలో నునుపుగా చెక్కి ఉంటుంది, వేలి జిడ్డు తగిలినా దుమ్ము పడినా వెలుగు తగ్గిపోతుంది. పచ్చ కనెక్టరు పచ్చ సాకెట్‌లోకే వెళ్లాలి, నీలం దానికి జత కాదు. వచ్చే వెలుగు కంటికి కనిపించదు కాబట్టి మొనలోకి తొంగి చూడటం కూడా వద్దు. ఆఫ్ చేయాలంటే కరెంటు ఒక్కటి తీస్తే సరిపోతుంది.

ఇక రీస్టార్ట్ బాగా పనిచేసే చోటు. మన దగ్గర చాలా ఆపరేటర్లు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో నడిచే పీపీపీఓఈ వాడతారు. బాక్సు లాగిన్ కాగానే సర్వర్‌లో ఒక సెషన్ తెరుచుకుంటుంది. లైన్ ఒక్కసారి తడబడినా బాక్సు ఒకలా, సర్వర్ ఒకలా అనుకునే పరిస్థితి వస్తుంది: బాక్సు దృష్టిలో సెషన్ పోయింది, సర్వర్ దృష్టిలో ఇంకా నడుస్తోంది. ఒక యూజర్‌నేమ్‌కు ఒక్క సెషనే అనే నియమం ఉంటే కొత్త లాగిన్‌ను సర్వర్ తిప్పికొడుతుంది. గబగబా ఆఫ్, ఆన్, మళ్లీ ఆఫ్ చేసేవాళ్లకు నెట్ రాకపోవడానికి ఇదే ప్రధాన కారణం. సర్వర్ అప్పుడప్పుడూ పలకరింపు సందేశం పంపి, కొన్నింటికి జవాబు రాకపోతేనే పాత సెషన్ మూసేస్తుంది. దానికి రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు. అందుకే ఇంటర్నెట్ లైటు ఎర్రగా ఉన్నప్పుడు బాక్సును కనీసం 5 నిమిషాలు ఆపి ఉంచడం మంచిది. ఇంకా మేలైన దారి బాక్సు సొంత పేజీలోంచి రీబూట్ నొక్కడం. అలా చేస్తే చాలా బాక్సులు ఆగేముందు సర్వర్‌కు సెషన్ ముగిసిందని చెప్పి వెళ్తాయి. ప్లగ్ పీకితే చెప్పే వ్యవధి ఉండదు.

రెండో సందర్భం నాట్ టేబుల్ నిండిపోవడం. ఇంట్లోని ప్రతి ఫోన్, టీవీ, కెమెరా తెరిచే ఒక్కో కనెక్షన్‌కూ బాక్సు ఒక్కో వరుస రాసుకుంటుంది. టొరెంట్ నడిస్తే ఆ వరుసలు వేలల్లోకి పోతాయి. చాలా బాక్సుల లోపల నడిచే లినక్స్, మామూలు సెట్టింగ్‌లో, నడుస్తున్న టీసీపీ కనెక్షన్ (పేజీలు, డౌన్‌లోడ్లు వాడే రకం) వరుసను 4,32,000 సెకన్లు, అంటే 5 రోజులు, కదలిక లేకపోయినా దాచుకుంటుంది. కొన్ని కంపెనీలు ఈ గడువు తగ్గిస్తాయి, కొన్ని పట్టించుకోవు. టేబుల్ నిండితే కనిపించే లక్షణం విచిత్రంగా ఉంటుంది: ముందే నడుస్తున్న వీడియో ఆగదు, వాట్సాప్ సందేశాలు వెళ్తూనే ఉంటాయి, కొత్త పేజీ ఒక్కటీ తెరుచుకోదు. రీస్టార్ట్ చేస్తే టేబుల్ ఖాళీ అయి వెంటనే బాగవుతుంది. ఈ పరిస్థితికి 30 సెకన్ల విరామం చాలు. ఆ అర నిమిషంలో లోపలి కెపాసిటర్లలో మిగిలిన విద్యుత్తు దిగిపోయి ర్యామ్ పూర్తిగా ఖాళీ అవుతుంది. 2 సెకన్లలో తిరిగి వేస్తే కొన్ని బాక్సులు సగం మేల్కొని బిగుసుకుపోతాయి.

ఆన్ చేశాక ఓపిక పట్టాలి. పాన్ స్థిరపడటం, వైఫై రావడం, లాగిన్ కావడం అన్నీ కలిపి 2, 3 నిమిషాలు తీసుకుంటుంది. మధ్యలో మళ్లీ ఆఫ్ చేయకండి. ఫర్మ్‌వేర్ (బాక్సు లోపలి సాఫ్ట్‌వేర్) రాసుకుంటున్న సమయంలో కరెంటు పోతే బాక్సు పూర్తిగా పాడైపోవచ్చు. ఓఎన్‌టీ వేరు, రూటర్ వేరు అయితే రెండూ ఆఫ్ చేసి, ముందు ఓఎన్‌టీ వేసి, పాన్ నిలకడగా వెలిగాక రూటర్ వేయండి. చివర్లో ఫోన్లలో, టీవీలో వైఫై ఒకసారి ఆపి వేయాలి. రీస్టార్ట్‌తో ఏ పరికరానికి ఏ అడ్రస్ ఇచ్చిందో బాక్సు మరిచిపోవచ్చు, పరికరాలు మాత్రం పాతది పట్టుకుని ఉంటాయి. ఒకే అడ్రస్ ఇద్దరికి పడితే టీవీకి నెట్ వచ్చి ప్రింటర్‌కు రాదు.

రోజూ రీస్టార్ట్ చేయాల్సి వస్తోందా? ముందు అడాప్టర్‌ను చూడండి. నా దృష్టిలో ఈ బాక్సుల్లో అన్నిటికంటే బలహీనమైన భాగం అదే. ఎండాకాలం వేడికి, ఎగిరిపడే వోల్టేజీకి లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోతాయి. అప్పుడు బాక్సు ఆన్ అవుతుంది, పాన్ పచ్చబడుతుంది, వైఫై మొదలై కరెంటు ఎక్కువ లాగగానే వోల్టేజీ పడిపోయి దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. అప్‌టైమ్ ఎప్పుడు చూసినా నిమిషాల్లోనే ఉంటే ఇదే అనుకోవచ్చు. మల్టీమీటర్‌తో విడిగా కొలిస్తే 12 వోల్టులు శుభ్రంగా చూపిస్తుంది, లోడ్ లేదు కదా. బాక్సుకు తగిలించి ఉండగా కొలిస్తేనే నిజం తెలుస్తుంది. కొత్తది కొనేటప్పుడు వోల్టులు సరిగ్గా 12 ఉండాలి, ఆంపియర్లు పాతదానితో సమానం లేదా ఎక్కువ ఉండాలి: 1 ఉన్నచోట 1.5 పెట్టొచ్చు, 1.5 ఉన్నచోట 1 పెట్టకూడదు. మధ్య పిన్ను ప్లస్‌గా ఉండాలి. పిన్ను బయటి కొలత 5.5 మిల్లీమీటర్లే అయినా లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలు. 2.5 ది 2.1 సాకెట్‌లో వదులుగా కూర్చుని, వైరు కదిలినప్పుడల్లా బాక్సు ఆగుతుంది. అటక మీదున్న పాత ఏడీఎస్‌ఎల్ (ఫోన్ లైను మీద నడిచే నెట్) మోడెమ్ అడాప్టర్ 9 వోల్టులది కావచ్చు, చూడకుండా తగిలించకండి.

ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోగానే బాక్సు రీస్టార్ట్ అయ్యే ఇళ్లలో ఇన్వర్టర్ వెనక మోడ్ స్విచ్ చూడండి. నార్మల్ లేదా ఎకో మోడ్‌లో మారడానికి తీసుకునే వ్యవధిని అడాప్టర్ తట్టుకోలేదు. యూపీఎస్ మోడ్‌లో పెడితే చాలావరకు సర్దుకుంటుంది. ఇన్వర్టర్ లేనివాళ్లకు 12 వోల్టుల మినీ యూపీఎస్ మంచి కొనుగోలు, కాకపోతే రెగ్యులేటెడ్ అవుట్‌పుట్ ఉందో లేదో చూసి తీసుకోండి. మూడు లిథియం సెల్స్ వరుసగా పెట్టి నేరుగా ఇచ్చే చవక రకం నిండుగా 12.6 వోల్టులిచ్చి, దిగేకొద్దీ 9 దాకా పడిపోతుంది. స్తంభం మీది స్ప్లిటర్‌కు కరెంటు అవసరం లేదు కాబట్టి, అవతల ఆపరేటర్ దగ్గర బ్యాకప్ ఉంటే జీపాన్ లైనులో వీధంతా చీకటైనా ఇంట్లో నెట్ నడుస్తుంది. అపార్ట్‌మెంట్ మెట్ల కింద స్విచ్ పెట్టి లాన్ వైరు లాగిన కనెక్షన్లకు ఇది వర్తించదు, ఆ స్విచ్‌కూ కరెంటు కావాలి.

వేడి సంగతి క్లుప్తంగా: ఇళ్లలో వాడే చాలా బాక్సులు 40 డిగ్రీల గది వేడి వరకే ఉద్దేశించినవి. మే నెలలో టీవీ అల్మరాలో సెట్‌టాప్ బాక్సు మీద పెడితే మధ్యాహ్నం పూట నెమ్మదించడం సహజం. బయటికి తీసి గోడకు తగిలించండి.

రీస్టార్ట్ చేయగానే వైఫై వేగం పెరిగితే దానికి కారణం సాధారణంగా చానల్ మారడమే. ఆటోలో ఉన్న బాక్సులు చాలావరకు ఆన్ అయ్యేటప్పుడే చుట్టూ విని ఖాళీ చానల్ ఎంచుకుంటాయి, తర్వాత పక్క ఫ్లాట్లవాళ్లు వచ్చి చేరినా కదలవు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ల్లో ఖాళీగా ఉన్నది మీరే ఎంచి 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో స్థిరం చేస్తే ఆ అవసరం తగ్గుతుంది. ఆన్ చేశాక 5 గిగాహెర్ట్జ్ పేరు నిమిషం పాటు కనిపించకపోతే చెడిపోయిందనుకోవద్దు. 52 నుంచి 144 వరకు చానళ్లలో రాడార్ ఉందేమోనని కనీసం 60 సెకన్లు విన్నాకే ప్రసారం మొదలుపెడుతుంది. 36 పెడితే ఆ ఆలస్యం ఉండదు. కంప్యూటర్ నుంచి గూగుల్ సర్వర్ అడ్రస్ 8.8.8.8 కు పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే చిన్న సందేశం) చేస్తే జవాబు వస్తూ సైట్ల పేర్లు మాత్రం తెరుచుకోకపోతే రీస్టార్ట్ మానేసి డీఎన్‌ఎస్‌గా 1.1.1.1 గానీ 8.8.8.8 గానీ ఇచ్చి చూడండి.

రోజూ తెల్లవారుజామున తానే రీబూట్ అయ్యే షెడ్యూల్ కొన్ని బాక్సుల్లో ఉంది. నాట్ టేబుల్ బాధకు వారానికి ఒకసారి పెట్టుకుంటే సరిపోతుంది. ప్లగ్‌కు టైమర్ తగిలించి కరెంటే కోసే పద్ధతి మాత్రం వద్దు, ఆపరేటర్ దూరం నుంచి పంపే ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు సాధారణంగా రాత్రిపూటే వస్తాయి.

వెనక చిన్న రంధ్రంలో ఉండే రీసెట్ బటన్ జోలికి పోకండి. 10 సెకన్లు పిన్నుతో నొక్కితే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ నంబరు అన్నీ పోతాయి. అవి మీ దగ్గర రాసి లేకపోతే మనిషి వచ్చి పెట్టేదాకా నెట్ ఉండదు. ఫిర్యాదు చేశాక బాక్సును ఆన్‌లోనే ఉంచండి. కరెంటు పోయినప్పుడు జీపాన్ బాక్సు చివరి క్షణంలో ఆ మాట చెప్పే సంకేతం పంపుతుంది, వైరు తెగితే ఆ సంకేతం వెళ్లదు. మీరు ఆఫ్ చేసి పెడితే ఆపరేటర్ తెరమీద కరెంటు లేదనే కనిపిస్తుంది. ఫోన్లో మాట్లాడేటప్పుడు ఏ లైటు ఎలా ఉందో, ఆర్‌ఎక్స్ పవర్ ఎంతో, పక్కింటి వాళ్లకు వస్తోందో లేదో ఈ మూడూ చెప్పండి, బాగుచేసే మనిషి ఇంటికి రావాలో స్తంభం దగ్గరికి వెళ్లాలో అక్కడే తేలిపోతుంది.