పాత డేరా, కొత్త టెంటు: ఏది మేలు?

రెండేళ్ల కిందట జనవరిలో గండికోట వెళ్లాం. చీకటి పడకముందే టెంటు వేసేద్దామని సంచి విప్పాను. అప్పటికి ఆరేళ్ల కిందట కొన్న టెంటు అది, వాడింది మహా అయితే పదిసార్లు. పైగుడ్డ మడతలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. లాగుతుంటే చర్రుమని విడివడ్డాయి. లోపలివైపు వేలితో రాస్తే జిగురు. పులిసిన వాసన. అరచేతి నిండా తెల్లటి పొట్టు. గుడ్డ ఎక్కడా చిరగలేదు, ఒక్క కుట్టూ ఊడలేదు. అయినా ఆ టెంటు ఇక వానకి పనికిరాదని అర్థమైంది.

ఆ రాత్రి మేం పడుకున్నది నాన్న పాత కాన్వాసు డేరాలో. నాన్న ఇరిగేషన్ సర్వేలో పనిచేసేవారు. మా ఇంట్లో "నాన్న క్యాంపుకెళ్లారు" అంటే విహారం కాదు, ఉద్యోగం. ఆ డేరా 1982లో ఆఫీసు వేలంలో కొన్నది. పిల్లలకి చూపిద్దామని జీపులో వేసుకొచ్చాం. నలభై ఏళ్లు దాటిన ఆ డేరాయే చివరికి మాకు దిక్కయింది.

"పాతవాటి గట్టిదనం ఇప్పుడెక్కడుంది!" అని ఆ రాత్రి నేనూ అన్నాను. ఇంటికొచ్చాక ఒక్కో వస్తువునీ ముందేసుకుని చూస్తే ఆ మాట సగమే నిజమని తేలింది. పాత సామానులో నాసిరకానివి ఎప్పుడో పాత ఇనుప సామాన్ల బండి ఎక్కి వెళ్లిపోయాయి. గట్టివి కాబట్టే ఇవి మిగిలాయి. నాన్న దగ్గరే అంతకుముందు ఇంకో డేరా ఉండేదట, మూడు వానాకాలాలకే చీకిపోయిందట. మిగిలిన ఒక్కదాన్ని చూసి ఆ కాలపు డేరాలన్నీ ఇంతే అనుకుంటే ఎలా? అందుకే వస్తువు వయసు చూడడం మానేశాను. రెండే అడుగుతున్నాను: మన ఎండకీ మన తేమకీ ఇది ఎన్నాళ్లు ఆగుతుంది? చెడితే నా చేతుల్తో బాగుచేసుకోగలనా?

డేరా సంగతే ముందు చెబుతాను. కాన్వాసు అంటే దట్టంగా నేసిన నూలుగుడ్డ. తడవగానే పోగులు ఉబ్బి మధ్య సందులు మూసుకుపోతాయి, వాన ఆగేది అందుకే. కొత్త కాన్వాసు మొదటి వానకి కాస్త కారుతుంది. ఒకటి రెండుసార్లు బాగా తడిపి ఆరబెడితే కుట్టు రంధ్రాలు కూడా పూడుకుంటాయి. వాన పడుతున్నప్పుడు లోపలినుంచి గుడ్డకి వేలు ఆనిస్తే మాత్రం సరిగ్గా అక్కడినుంచే చుక్కలు మొదలవుతాయి. చిన్నప్పుడు నాన్న నా చేతిమీద ఒక్కటేసి మరీ నేర్పిన సంగతి ఇది. గాలి ఆడుతుంది కాబట్టి తెల్లారేసరికి లోపల చెమ్మ తక్కువ. మధ్యాహ్నం నీడ చిక్కగా ఉంటుంది. చిరిగితే పెద్ద సూది, మైనం పూసిన దారం, పాత ప్యాంటు ముక్క చాలు. మా డేరాకి అలాంటి అతుకులు ఏడున్నాయి, రెండు అమ్మ వేసినవి.

దాని కష్టమల్లా బరువు. కొయ్య గుంజలు, ఇనుప మేకులు, తాళ్లు కలిపి పాతిక కిలోల దాకా ఉంటుంది. తడిస్తే ఇద్దరు మనుషులు పట్టాలి. తడిసినదాన్ని ఒక రోజుకి మించి మడతపెట్టి ఉంచితే బూజు పడుతుంది. నల్లచుక్కలు కనిపించినంత మాత్రాన కంగారు అక్కర్లేదు, మచ్చ వేరు, చీకడం వేరు. ఆ చుక్కలున్న చోట గుడ్డని రెండు బొటనవేళ్ల మధ్య పట్టి గట్టిగా లాగండి. ఆగితే అది మచ్చ. పరపరమంటే ఆ డేరాని కొనకండి.

కొత్త టెంటు రెండున్నర, మూడు కిలోలు. భుజానికి తగిలించుకుని కొండెక్కవచ్చు, ఇంతకుమించిన సుగుణం ఇంకేం కావాలి? కానీ ఇందులో నీళ్లని ఆపేది గుడ్డ కాదు, లోపలివైపు వేసిన పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ పూత. లేబుల్ మీద 2,000 మి.మీ., 3,000 మి.మీ. అని ఉండేది ఆ పూత సంగతే: గుడ్డ మీద అంత ఎత్తున నీళ్లు నిలబెట్టినా కారదని అర్థం. పైగుడ్డకి 1,500 ఉన్నా మామూలు వానకి సరిపోతుంది. అడుగు గుడ్డకి మాత్రం 3,000 అయినా ఉండాలి, తడినేల మీద మనం మోకాలు ఆనించినప్పుడు ఒత్తిడంతా అక్కడే పడుతుంది. పక్కనే డెనియర్ అని ఇంకో అంకె ఉంటుంది. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగుతుందో అది. 20 అంటే పలచన, 75 అంటే మోటు. మన రాళ్లకీ తుమ్మముళ్లకీ అడుగుభాగం మోటుగా ఉన్నదే మంచిది.

అంకెలు ఎంత పెద్దవైనా ఆ పూత ఎన్నేళ్లుంటుందో లేబుల్ చెప్పదు. దానికి అసలు శత్రువు వేడితో కలిసిన తేమ. నీటి ఆవిరి ఆ పూతలోని బంధాలని కొద్దికొద్దిగా తెంచుతూ పోతుంది, వేడి ఎక్కువైనకొద్దీ ఆ పని జోరందుకుంటుంది. నా టెంటు పాడైంది గండికోటలో కాదు, మా ఇంటి అటక మీద. మంచు చెమ్మ ఆరకుండానే చుట్టి, సంచిలో కుక్కి, స్లాబు కింద పడేశాను. అలా ఆరు వేసవులు. చల్లగా, పొడిగా ఉన్న చోట పెట్టుంటే ఇంకా చాలా ఏళ్లు వచ్చేది. ఈ తప్పు నాది, టెంటుది కాదు. సిలికాన్ పూసిన నైలాన్‌కి ఈ జిగురు జబ్బు రాదు, కానీ ఖరీదెక్కువ, అతుకులకి టేపు అంటదు, సిలికాన్ మనమే పూసుకోవాలి. పైగా నైలాన్ తడిస్తే సాగుతుంది, అర్ధరాత్రి లేచి తాళ్లు బిగించాలి. ఎండకి పాలియెస్టర్ కన్నా త్వరగా బలహీనపడేది కూడా నైలానే.

నడిచి వెళ్లేవాళ్లకి కొత్తదే మేలు, ఇందులో నాకు అనుమానం లేదు. పాలియెస్టర్ గుడ్డ, రెండు పొరలు, అల్యూమినియం పోల్స్ ఉన్నది చూసుకోండి. చౌక టెంట్లలో వచ్చే ఫైబర్‌గ్లాస్ పోల్ విరిగితే నిలువునా చీలి సన్నటి నూగు వేళ్లలో గుచ్చుకుంటుంది. అల్యూమినియం వంగుతుంది. వంగిన చోట జానెడు గొట్టం తొడిగి టేపు చుడితే ఆ ప్రయాణం గడిచిపోతుంది. జీపు వెళ్లే చోట, నాలుగు రోజులు ఒకే తావున ఉండేటట్టయితే, మంచి కాన్వాసు డేరా దొరికిందా, వదలకండి.

స్టవ్ దగ్గరకొస్తే నా మనసు పాతదానివైపే లాగుతుంది. హైదరాబాదు జుమ్మెరాత్ బజార్‌లో ఒక గురువారం ఇత్తడి పంపు స్టవ్ కనిపించింది. పచ్చగా చిలుం పట్టి, పంపు కొడుతుంటే ఎక్కడా బిగువు లేకుండా వదులుగా ఆడుతోంది. పనికిరాదనుకుంటూనే ముచ్చటపడి తెచ్చాను. నాన్న ఒక్కసారి కొట్టి చూసి, "వాషరు ఎండిపోయిందిరా, ఇంకేం లేదు" అన్నారు. మూత తిప్పి కడ్డీ బయటికి లాగారు. చివర గిన్నె ఆకారంలో తోలువాషరు ఎండి ముడుచుకుని ఉంది. కొబ్బరినూనె రెండు చుక్కలు వేసి, చూపుడువేలితో అంచులు వెడల్పు చేసి, మళ్లీ లోపలికి పెట్టారు. ఈసారి పంపు కొడితే చేతికి గాలి ఎదురుతన్నింది. పిన్నుతో నిపుల్ సన్నటి రంధ్రం పొడిచి, కప్పులో స్పిరిట్ పోసి వెలిగించి, బర్నర్ వేడెక్కాక గాలి కొట్టారు. ఆ బుస్సుమనే నీలిమంట చూసి ముప్పయ్యేళ్లయింది, వంటింట్లో అమ్మ నిలబడి చూసింది.

1892లో స్వీడన్‌లో ఫ్రాన్స్ లిండ్‌క్విస్ట్ పొగరాని కిరసనాయిలు స్టవ్ చేశాడు. ప్రైమస్ పేరుతో అమ్ముడైన ఆ స్టవ్‌నే 1953లో ఎవరెస్ట్ ఎక్కినవాళ్లు తీసుకెళ్లారు. మా ఇత్తడి స్టవ్ పనితీరు కూడా అచ్చం అదే. ఏ భాగం చెడినా విప్పి మార్చవచ్చు. చలి దాన్ని ఏమీ చెయ్యదు.

కొనేముందు మాత్రం జాగ్రత్త. ట్యాంకు సొట్టలకి భయపడకండి, వెంట్రుకలాంటి పగుళ్లకి భయపడండి. పాత ఇత్తడి అలా పగులుతుంది. గాలి కొట్టి, సబ్బునురగ అతుకుల మీదా మూత చుట్టూ రాయండి. బుడగ వచ్చిందా, వెలిగించకూడదు. "స్టవ్ పేలి" అన్న మాటతో మొదలయ్యే వార్తలు చదువుతూ పెరిగిన తరం మాది. అందులో కొన్ని చావులకి స్టవ్ కారణం కాదని ఊరందరికీ తెలిసినా, ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఇప్పుడు ఇంకో చిక్కు, కిరసనాయిలు దొరకడం. రేషన్ మీద వచ్చే రోజులు పోయాయి. ఒక సీసాకోసం మూడు ఊళ్లు తిరిగాం.

గ్యాస్ డబ్బా స్టవ్ అరచేతిలో ఇమిడిపోతుంది, అగ్గిపుల్ల గీస్తే చాలు. దాని లోపం లంబసింగిలో బయటపడుతుంది. చౌక డబ్బాల్లో ఉండేది ఎక్కువగా బ్యూటేన్, అది −0.5 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంతకన్నా చల్లబడితే ఆ ద్రవం గ్యాస్‌గా మారదు. బయట నాలుగు డిగ్రీలున్నా, ద్రవం గ్యాస్‌గా మారుతూ డబ్బాని ఇంకా చల్లబరుస్తుంది కాబట్టి పది నిమిషాలకే మంట నీరసపడుతుంది. టీ నీళ్లు గోరువెచ్చన దగ్గరే ఆగిపోయాయి మాకు. డబ్బాని రాత్రంతా దుప్పట్లో పెట్టుకుని పడుకుంటే పొద్దున సరిగ్గా వెలుగుతుంది. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన డబ్బా అయితే ఈ బాధ ఉండదు, వాటి మరుగు స్థానాలు −11.7, −42. రైల్లో కిరసనాయిలూ గ్యాసూ రెండూ నిషేధమే, దిగాక కొనుక్కోవాల్సిందే. దారిలో దొరకడం ఒక్కటే లెక్క అయితే గ్యాస్ మేలు. నలభై ఏళ్లు వాడదామనుకుంటే ఇత్తడి స్టవ్. ఏదైనా సరే టెంటు లోపల వెలిగించకండి. మంటనుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పడక విషయంలో పోటీ గొంగడికీ స్లీపింగ్ బ్యాగుకీ. దక్కనీ గొర్రెల నల్లఉన్నితో కురుమలు చేసే గొంగడికి చింతగింజల గంజి పెడతారు, దాంతో నేత బిగిసి చినుకు పైనుంచే జారిపోతుంది. ఉన్ని తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. నిప్పురవ్వ పడితే కరిగి అంటుకోదు. గుచ్చుకుంటుందంటారు, గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడం దేనికి? లోపల నూలుదుప్పటి వేసుకోండి. అయితే ఇప్పుడు ఉన్ని పేరుతో అమ్ముతున్నవన్నీ ఉన్ని కావు. అంచునుంచి ఒక పోగు తీసి కాల్చి చూడండి. జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్లమధ్య నలిగితే ఉన్ని. కరిగి గట్టి పూస కడితే అది ప్లాస్టిక్ నూలు.

స్లీపింగ్ బ్యాగు తేలిక, చుట్టూ మూసుకుంటుంది, నిజమైన చలికి దాన్ని మించింది లేదు. దాని మీద మూడు ఉష్ణోగ్రతలు ఉంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. అట్ట మీద పెద్ద అక్షరాల్లో వేసేది చాలాసార్లు మూడోది. ఆ చలిలో ప్రాణం నిలుస్తుందేమోగానీ నిద్ర పట్టదు. మీరు చూడాల్సింది కంఫర్ట్ ఒక్కటే. పక్షి ఈకల బ్యాగు తడిస్తే ఈకలు ముద్దయి వెచ్చదనం పోతుంది, కోస్తా తేమకి సింథటిక్ నింపినదే నయం. పాతది కొంటుంటే వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. నింపినది పక్కకి జరిగిపోయిన చోట వెలుగు కనబడుతుంది, చలి అక్కడినుంచే దూరుతుంది.

దీపాల్లో పోటీయే లేదు. పెట్రోమాక్స్ అంటే పెళ్లిపందిరి, ఊళ్లో నాటకం, దాని చుట్టూ ఉసిళ్లు, అన్నీ నాకూ ఇష్టమైన జ్ఞాపకాలే. కానీ ఒక్క కుదుపుకి మాంటిల్, అంటే వెలుగునిచ్చే ఆ జాలిగుడ్డ, పొడైపోయే దీపాన్ని కొండెక్కించడం దండగ. తలకి కట్టుకునే ఎల్ఈడీ లైటే కొనండి, బ్యాటరీ విడిగా తీసి మార్చగలిగేది. బ్యాటరీని లోపలే మూసేసిన లైటు, ఆ బ్యాటరీతోపాటే చెత్తకుప్పకి పోతుంది.

జిప్పు మీద ఒక మాట. కొత్త టెంటులో ముందుగా మొరాయించేది అదే, జిప్పు పోయిందని టెంటునే పారేసేవాళ్లని చూశాను. పళ్లు బాగానే ఉంటాయి, అరిగేది వాటి మీద జారే రన్నర్. ఇసుక దులిపి, రన్నర్ రెండు పక్కలా పట్టకారుతో కొంచెం నొక్కితే చాలాసార్లు పట్టేస్తుంది. లేదంటే వీధి చివర టైలర్ కొత్త రన్నర్ వేసిస్తాడు.

ఈ కార్తీకంలో మారేడుమిల్లి వెళ్తున్నాం. కొత్త పాలియెస్టర్ టెంటు, గ్యాస్ స్టవ్, తలలైట్లు, నాన్నకి మాత్రం ఆయన గొంగడే. ఇత్తడి స్టవ్ జీపులో ఉంటుంది, కిరసనాయిలు దొరికితే వెలిగిస్తాం. అటక మీద ఇప్పుడు సూట్‌కేసులు తప్ప ఏం లేవు. టెంటు మాత్రం కింద, బీరువాలో, నాన్న చొక్కాల పక్కన, పాత దిండు గలీబులో వదులుగా పెట్టి ఉంది.