న్యూస్-2 చార్టు: వార్డులో సెప్సిస్‌ను ఎంత ముందుగా పట్టిస్తుంది?

న్యూస్ అంటే నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్, పేషెంట్ దిగజారుతున్నాడని ముందే హెచ్చరించే మార్కుల పట్టిక. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన చార్టు ఇది. సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్‌కి ఒళ్లు అదుపు తప్పి స్పందించి, అవయవాలు దెబ్బతినడం. నిమిషానికి ఊపిరి, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ (సిస్టాలిక్), పల్స్, స్పృహ, జ్వరం. ఏడింటికీ మార్కులు వేసి కూడాలి, మామూలుకు దూరమైన కొద్దీ మార్కు పెరుగుతుంది. మొత్తం 5 గానీ 6 గానీ వస్తే డాక్టర్ వెంటనే వచ్చి చూడాలి. 7 గానీ ఆపైన గానీ వస్తే ఐసీయూ వాళ్లను పిలవాలి.

విడివిడిగా ఎవరినీ కంగారుపెట్టని అంకెల్ని ఒకచోటికి తేవడమే దీని గొప్పతనం. మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో చేరిన మనిషికి ఊపిరి 22, సాచురేషన్ 95, బీపీ 104, పల్స్ 108, జ్వరం 38.4 సెల్సియస్ ఉన్నాయనుకోండి. ఆక్సిజన్ లేదు, చక్కగా మాట్లాడుతున్నాడు. కేస్ షీట్‌లో ‘స్టేబుల్’ అని రాసేస్తారు. చార్టులో మాత్రం 6 వస్తుంది. ఊపిరి లెక్కపెట్టకుండా అలవాటుగా 18 వేస్తే అదే మనిషికి 4 వస్తుంది! గంటకోసారి చూడాల్సిన పేషెంట్‌ని నాలుగు నుంచి ఆరు గంటలకోసారి చూస్తారు. కల్చర్ (ఏ క్రిమో తేల్చే పరీక్ష) తీసి యాంటీబయాటిక్ వేయాల్సిన సమయం అక్కడే పోతుంది. అందుకే నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, పేషెంట్‌కి చెప్పకుండా, నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టాలి.

2017లో చేర్చిన ‘కొత్తగా తికమక’ గడి మాకు బాగా నచ్చింది. దానికొక్కదానికే 3 మార్కులు. వయసు పైబడినవాళ్లలో జ్వరం రాకపోవచ్చు, మాట తేడా ముందు కనిపిస్తుంది. "నిన్నటిలా లేరండీ" అని ఇంటివాళ్లు అంటే ఆ గడి నింపాల్సిందే.

మన దగ్గర మరో చిక్కు ఉంది. థర్మామీటర్లు ఎక్కువగా ఫారెన్‌హీట్, చార్టు సెల్సియస్. డిజిటల్‌దైతే సెల్సియస్‌కి మార్చి పెట్టుకోండి. నలుపు తెలుపు జిరాక్స్ వద్దు, రంగులు పోతే ప్రమాదపు గడులు కంటికి ఆనవు.

లోపాలూ ఉన్నాయి. మూత్రం ఎంత వస్తోందో ఇందులో లేదు, విడిగా రాసుకోవాలి. బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) వాడేవాళ్లకు పల్స్ పెరగక మార్కు తగ్గుతుంది. గర్భిణులకు, 16 ఏళ్లలోపు వాళ్లకు ఇది పనికిరాదు. ఎక్కువ మార్కు వస్తే సెప్సిస్ అని తేలినట్టు కాదు, ఇన్ఫెక్షన్ ఉందా అని వెతకమని అర్థం. షాక్ (బీపీ పడిపోయి అవయవాలకు రక్తం చాలని స్థితి) ఉంటే గంటలోపు యాంటీబయాటిక్ పడాలి, దానికి ముందే కల్చర్‌కి, లాక్టేట్‌కి (ఒంటికి రక్తం, ఆక్సిజన్ చాలకపోతే పెరిగే పదార్థం) రక్తం తీయాలి. బీపీ పడిపోతే మొదటి మూడు గంటల్లో కిలోకు 30 మి.లీ. లెక్కన సెలైన్, అంటే 60 కిలోల మనిషికి 1800 మి.లీ.

రాత్రి డ్యూటీలో 5 గానీ ఆపైన గానీ వస్తే ఎవరికి ఫోన్ చేయాలో చార్టు పక్కనే రాసిపెట్టని వార్డులో దీన్ని కొనసాగించమని మేం చెప్పం. ముందు ఆ నంబరు రాయించండి.