అలమో బొమ్మ సైనికులు: పాత అచ్చుల్లో పోసిన కొత్త సెట్టు కొనొచ్చా?

పోయిన వేసవిలో డాలస్ నుంచి శాన్ ఆంటోనియో వెళ్ళి అలమో చూసొచ్చాక మావాడికి అదే లోకం అయిపోయింది. మెక్సికో మీద తిరగబడ్డ టెక్సస్ వాళ్ళు 1836లో మెక్సికన్ సైన్యంతో పోరాడి చనిపోయిన పాత కోట అది. కాగితం మీద కోట గీయడం, పెన్సిళ్ళని సైనికులుగా నిలబెట్టడం, రోజంతా ఇదే పని. అందుకే అక్కడ చనిపోయినవాళ్ళలో పేరున్న అమెరికన్ వేటగాడు డేవీ క్రాకెట్ పేరుతో వచ్చిన అలమో సెట్టు కొన్నాను. ఆరు నెలలుగా ఇంట్లో ఉంది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

కథ తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. 1954 డిసెంబరులో డిస్నీ వాళ్ళు ఏబీసీ టీవీలో డేవీ క్రాకెట్ మీద మూడు భాగాల కథ మొదలుపెట్టారు, ఫెస్ పార్కర్ క్రాకెట్‌గా వేశాడు. అలమో యుద్ధం ఉన్న మూడో భాగం 1955 ఫిబ్రవరి 23న వచ్చింది, 1836లో మెక్సికో సేనాని శాంటా అనా సైన్యం వచ్చి ముట్టడి మొదలుపెట్టిందీ ఫిబ్రవరి 23నే. అమెరికా పిల్లలంతా తోక వేలాడే రకూన్ తోలు టోపీలు పెట్టుకుని తిరిగిన కాలం అది. ఆ ఊపులోనే లూయీ మార్క్స్ కంపెనీ రేకు గోడలూ ప్లాస్టిక్ సైనికులూ కలిపి ఈ సెట్టు తెచ్చింది. మార్క్స్ 1972లో కంపెనీని క్వేకర్ ఓట్స్‌కి అమ్మేశాడు, తర్వాత అది మూతపడింది, కానీ అచ్చులు బతికాయి. నేను కొన్నది ఆ అచ్చుల్లో మళ్ళీ పోసినవి. 1950ల నాటి అసలు సెట్టు పూర్తిగా దొరికితే దాని ధర వేరే లెక్క, పైగా అంత పాత ప్లాస్టిక్ పెళుసెక్కిపోతుంది, పిల్లల చేతికిస్తే తుపాకీ మొనలు పుటుక్కున విరుగుతాయి. ఆడుకోవడానికైతే కొత్తవే మేలు.

బొమ్మలు మాత్రం అద్భుతం. 54 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే రెండంగుళాల పైన కొంచెం, అంతలోనే చొక్కా అంచుల కుచ్చులూ నడుముకున్న తుపాకీమందు కొమ్మూ తెలుస్తాయి. తూటాలైపోయి తుపాకీని గదలా తిప్పుతున్న బొమ్మ ఒకటుంది, సీరియల్ చివర్లో ఫెస్ పార్కర్ కనిపించేదీ అలాగే. నాకు ఇంకా నచ్చింది మెక్సికన్ సైనికులు. పొడుగు టోపీలు, ఛాతీ మీద అడ్డంగా పట్టీలు, ముందుకు వాలిన ఒళ్ళు, వాళ్ళలోనే వేగం ఎక్కువ ఉంది.

లోపాలకొస్తే, బొమ్మలు సంచిలో కుక్కి పంపడం వల్ల సగం తుపాకులు వంగిపోయి వచ్చాయి. వేడినీళ్ళలో అర నిమిషం ముంచి, వేళ్ళతో సరిచేసి, వెంటనే ఐసు నీళ్ళలో వేస్తే నిలబడతాయి. రంగులు వేయాలనుకుంటే ముందు సబ్బుతో కడగండి, మెత్తటి ప్లాస్టిక్ కాబట్టి ప్రైమర్ లేకుండా వేస్తే రంగు పొరలు పొరలుగా ఊడుతుంది. రేకు గోడల అంచులు పదునుగా ఉన్నాయి, బిగించేటప్పుడు నా బొటనవేలు తెగింది. ఆ పని పిల్లలకి అప్పగించకండి. అమ్మినవాళ్ళు పూర్తి సెట్టు అని రాసి ఫిరంగి ఒకటి పంపలేదు, రెండు మెయిళ్ళకి జవాబు కూడా లేదు, అందుకు నిజంగా కోపం వచ్చింది.

సెట్టులో అలమో చర్చి ముందు గోడ పైన ఉన్న గుండ్రటి వంపు చూసి మోసపోవద్దు. అది 1836లో లేదు, 1850లో అమెరికా సైన్యం ఆ చర్చిని గోదాముగా వాడుకుంటూ కప్పు వేసినప్పుడు కట్టింది. ఇంకోటి, సెట్టులో రెండు వైపులా దాదాపు సమానంగా ఇస్తారు. నిజంగా లోపలున్నది రెండొందల మంది చుట్టుపక్కల, చివరి దాడికి వచ్చింది 1,500 మంది పైన. అందుకే విడిగా మెక్సికన్ల సంచి ఇంకోటి కొనండి, ఆట తీరే మారిపోతుంది.

నాకు బాధనిపించింది వేరే. కోట లోపల స్పానిష్ మాట్లాడే టెక్సస్ వాళ్ళు కూడా పోరాడి చనిపోయారు, ఈ సెట్టులో వాళ్ళ జాడ లేదు. గ్రెగోరియో ఎస్పార్సా అని ఒకాయన లోపల ఫిరంగి దగ్గర చనిపోయాడు, ఆయన తోడబుట్టిన ఫ్రాన్సిస్కో శాంటా అనా పక్షం. కోట లోపల పోరాడిన మిగతావాళ్ళ శవాలన్నీ కుప్పవేసి కాల్చేస్తే, ఫ్రాన్సిస్కో అనుమతి అడిగి తీసుకుని తన తోడబుట్టినవాణ్ణి పూడ్చుకున్నాడు. ఇది చెప్పాక మావాడు రెండు వైపుల నుంచీ ఒక్కో బొమ్మ తీసి, ఇద్దరికీ ఒకే రకం నల్ల మీసం పెట్టాడు. సంక్రాంతికి మా ఆవిడ బొమ్మల కొలువు పెడితే కింది మెట్టు మీద అలమో పేర్చాం. ఆ ఇద్దరినీ మాత్రం గోడ దగ్గర పక్కపక్కనే పెట్టాడు, ఎవరినీ కదపనివ్వలేదు.