పుదుచ్చేరి, అరికమేడు, తరంగంబాడి: కారు ప్యాకేజీ తీసుకునే ముందు ఇది చదవండి

మాది యానాం. మా కాగితాల మీద పుదుచ్చేరి అని ఉంటుంది గానీ ఆ ఊరు మాకు ఎనిమిది వందల కిలోమీటర్ల పైనే దూరం. మన రాజధాని ఒక్కసారైనా చూడాలని నాన్న ఎన్నాళ్ళుగానో అంటున్నారు. సంక్రాంతి వెళ్ళాక కాకినాడలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం.

పుదుచ్చేరిలో ఒక ట్రావెల్స్‌లో రెండు రోజుల ప్యాకేజీ తీసుకున్నాను. మొదటి రోజు ఊళ్ళోని పాత ఫ్రెంచి పేట వైట్ టౌన్, రెండు వేల ఏళ్ళ కిందటి రేవు అరికమేడు. రెండో రోజు డేన్‌మార్క్ వాళ్ళ కోట ఉన్న తరంగంబాడి, దాని దగ్గర్లోని కారైక్కాల్. మొత్తం 9,500 రూపాయలు. కారు శుభ్రంగా ఉంది. డ్రైవరు చాలా మంచి మనిషి, నాన్న మోకాళ్ళ నొప్పి చూసి ప్రతిచోటా గేటు దాకా తీసుకెళ్ళి దింపాడు. నా బాధంతా వాళ్ళు వేసిన ప్లాన్‌తోనే. అడిగిన మూడు చోట్లా దాదాపు అదే ప్లాన్ చెప్పారు కాబట్టి మీకూ అదే చెబుతారు.

వైట్ టౌన్‌కి నాలుగు గంటలు ఇచ్చారు. బాగుంటుంది, కాదనను. ఫ్రెంచి, తమిళం రెండింటిలో రాసిన వీధి పలకలు, సముద్రం ఒడ్డున గాంధీ విగ్రహం. 1761లో ఇంగ్లీషువాళ్ళు ఈ ఊరిని నేలమట్టం చేశారు, ఇప్పుడు మనం చూసేది తర్వాత కట్టుకున్నది. బీచ్ రోడ్డు మీద సాయంత్రం బళ్ళు ఆపేస్తారు కనుక ఎలాగూ నడవచ్చు. దానికి కారు అక్కర్లేదు.

అరికమేడుకి మాత్రం ఇరవై నిమిషాలు! గైడ్ ఉంటాడని ముందే డబ్బు తీసుకున్నారు, తీరా వెళ్తే ఎవరూ లేరు. మామిడి, కొబ్బరి చెట్ల మధ్య రెండు మొండి ఇటుక గోడలు. అవి కూడా ఆ పాత రేవు కాలంవి కావు, 18వ శతాబ్దపు క్రైస్తవ మిషనరీల భవనానివి. 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్వించిన చోట్లు చాలావరకు మళ్ళీ మట్టి కిందకే వెళ్ళిపోయాయి. "ఇదేనా అమ్మాయ్?" అన్నారు నాన్న. ఆ మాటకి నాకు చాలా కష్టమనిపించింది.

అందుకే మూడో రోజు ఉండిపోయి, భారతి పార్కు దగ్గరి మ్యూజియానికి తీసుకెళ్ళాను. (సోమవారం సెలవు, చూసుకోండి.) అరికమేడు తవ్వకాల్లో దొరికిన, మధ్యధరా తీరం నుంచి ద్రాక్షసారా తెచ్చిన జాడీల ముక్కలు అక్కడున్నాయి. నాన్న మాత్రం పూసల దగ్గర ఆగిపోయారు. నలభై ఏళ్ళు బంగారం పని చేసిన మనిషి. అద్దానికి ముక్కు ఆనించి, ఎర్ర రాతి పూస బెజ్జం చూస్తూ, "ఒక్క వైపు నుంచే తొలిస్తే అవతలి అంచు పగులుతుంది. సగం ఇటు నుంచి, సగం అటు నుంచి తొలిచి మధ్యలో కలిపి ఉంటారు. అదే కష్టం" అన్నారు. రెండు వేల ఏళ్ళ కిందట అరికమేడులో రాతి పూసలు, గాజు పూసలు తయారు చేసేవారు. సగం పని చేసి వదిలేసిన రాళ్ళు కూడా తవ్వకాల్లో దొరికాయి. అది చెప్పగానే మళ్ళీ అరికమేడు వెళ్దామన్నారు. ఆటోలో వెళ్ళాం, పట్టుమని నాలుగైదు కిలోమీటర్లు. ఈసారి ఏటి ఒడ్డున గంటన్నర కూర్చున్నారు. ఓడలు ఎటు నుంచి వచ్చేవి, కొలిమి ఎక్కడ పెట్టేవారు అని ఒకటే ప్రశ్నలు. నేలమీద పెంకులు కనిపిస్తే దయచేసి ఏరుకోకండి, అది రక్షిత స్థలం.

తరంగంబాడి గురించి రెండో మాట లేదు, తప్పక వెళ్ళండి. 1620లో తంజావూరు రఘునాథ నాయకుడి అనుమతితో డేన్‌మార్క్ వాళ్ళు కట్టిన కోట సముద్రానికి ఎదురుగా ఉంది. ఆ రఘునాథుడు తెలుగులో కావ్యాలు రాసిన రాజు. అది తెలిసి నాన్న కోటనంతా ఇంకోసారి తిరిగారు. 1845లో డేన్‌మార్క్ వాళ్ళు ఊరిని ఇంగ్లీషువాళ్ళకి అమ్మేశారు. కోటకి దగ్గర్లోనే 1306 నాటి మాసిలామణినాథర్ గుడి ఉంది, ముందు భాగాన్ని సముద్రం తినేసింది. నీడ తక్కువ, పొద్దున్నే చేరుకోండి. కారైక్కాల్‌లో భోజనం చేసి తిరిగొచ్చాం.

కారుకి ఐదుకి ఐదు, ప్లాన్‌కి రెండు. వచ్చే నెల మా పిన్ని వాళ్ళు వెళ్తున్నారు. ముందు మ్యూజియం, ఆ తర్వాతే అరికమేడు, అక్కడ కనీసం గంటన్నర అని డబ్బు కట్టకముందే రాయించుకోమన్నాను. నాన్న వాళ్ళకి తన భూతద్దం ఇచ్చి పంపుతున్నారు.