పార్మా 98-99 రెట్రో జెర్సీ, వెనకాల క్రెస్పో 9: కొనాలా వద్దా

ఆన్‌లైన్‌లో రెట్రో జెర్సీలు అమ్మే ఒక పేజీలో తీసుకున్నా, పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు ఎందుకంటే ఇలాంటి పేజీలు ఇన్‌స్టాలో బోలెడు, అందరిదీ ఒకటే మాల్, ఒకటే ఫోటోలు. 95 దిర్హమ్‌లు పడింది, డెలివరీ ఫ్రీ. పసుపు నీలం అడ్డపట్టీలు, ఛాతీ మీద పార్మలాట్ అని పెద్ద అక్షరాలు, వెనకాల 9, దాని పైన క్రెస్పో, అంటే అప్పట్లో ఇటలీ క్లబ్ పార్మాకి ఆడి తర్వాత కోచ్ అయిన అర్జెంటీనా స్ట్రైకర్ హెర్నాన్ క్రెస్పో. ఒరిజినల్ కాదు, రెప్లికానే. అప్పటి ఒరిజినల్ కావాలంటే కలెక్టర్ల దగ్గర ఉన్న రేట్లకి మనం తట్టుకోలేం, కాబట్టి రెప్లికా కొనేవాళ్ళ కోసమే ఈ రివ్యూ.

ముందు క్లాత్ సంగతి. మందం పాలిస్టర్, కొంచెం మెరుపు ఉంది, ఫోటోల్లో బ్రహ్మాండంగా కనిపిస్తది గానీ షార్జా ఎండలో వేసుకుని బస్టాప్ దాకా నడిస్తే చాలు వీపుకి అతుక్కుపోద్ది, చెమట పీల్చదు, ఆరదు. 90ల్లో జెర్సీలు అంతే వదులుగా ఉండేవి కాబట్టి కటింగ్ కూడా అలాగే ఇచ్చారు, చేతులు మోచేతి దాకా వచ్చేస్తాయి, ఎల్ అని పంపింది చూస్తే ఎక్స్‌ఎల్ అంత ఉంది. క్లబ్ లోగో ఎంబ్రాయిడరీ, దారం పని నీట్‌గానే ఉంది కానీ లోపల వైపు గరుకు, బనియన్ లేకుండా వేసుకుంటే దురద. నంబర్ మాత్రం నిజంగా బాగా చేశారు, చేత్తో తడిమితే వెల్వెట్‌లా మెత్తగా ఉంది, ఇప్పటిదాకా ఒక్క మూల కూడా లేవలేదు. పార్మలాట్ అక్షరాలు అంత గ్యారంటీ లేదు, ఎల్ దగ్గర సన్నగా పగుళ్ళు మొదలయ్యాయి, తిరగేసి చల్లనీళ్ళలో ఉతికినా సరే.

ఆ కంపెనీ చరిత్ర తెలిసినవాళ్ళకి ఈ పగుళ్ళు చూస్తే నవ్వొస్తుంది. పాలు, జ్యూస్‌లు అమ్మే పార్మలాట్ డబ్బులతోనే పార్మా లాంటి చిన్న ఊరి టీమ్ యూరప్‌లో పెద్దోళ్ళని కొట్టింది, 2003 చివర్లో ఆ కంపెనీ లెక్కల్లో 1400 కోట్ల యూరోల బొక్క బయటపడింది, ఓనర్ తాంజీ అరెస్టయ్యాడు, క్లబ్ మెల్లగా కిందకి జారి 2015లో దివాలా తీసింది. ఆ డబ్బులు నడిచినన్నాళ్ళు మాత్రం టీమ్ చూడండి: గోల్‌లో బుఫాన్, ముందు తురామ్, కన్నవారో, మధ్యలో వెరోన్, పైన కియేసా, క్రెస్పో. ఇప్పుడు ఎవరికైనా చెప్తే గేమ్‌లో చీట్ కోడ్ కొట్టావా అంటారు.

ఇక నాకు ఒళ్ళు మండిన విషయం. ప్రోడక్ట్ పేజీలో క్రెస్పో గురించి "ఛాంపియన్స్ లీగ్ విన్నర్" అని రాశారు, పైగా కుడి చేతికి ఛాంపియన్స్ లీగ్ నక్షత్రాల బంతి ప్యాచ్ కుట్టి పంపారు. రెండూ తప్పే. ఛాంపియన్స్ లీగ్ అంటే యూరప్ క్లబ్‌లకి అన్నిటికంటే పెద్ద కప్పు, ఆ సీజన్‌లో పార్మా ఆడింది, గెలిచింది దాని కింది మెట్టు యుయెఫా కప్, 1999 మే 12న మాస్కోలో ఫ్రాన్స్ క్లబ్ మార్సేని 3-0తో కొట్టారు, మొదటి గోల్ క్రెస్పోదే. మార్సే డిఫెండర్ లోరాన్ బ్లాంక్ బంతిని తలతో వెనక్కి తమ గోల్‌కీపర్‌కి ఇవ్వబోయాడు, అది బలం లేకుండా మధ్యలోనే పడింది, క్రెస్పో ఎక్కడి నుంచి వచ్చాడో తెలీదు, కీపర్ నెత్తి మీదుగా లేపేశాడు. కోచ్‌గా అతన్ని ఇష్టపడేవాళ్ళు కూడా ఈ గోల్ ఒకసారి చూడండి, ఎదుటివాడి తప్పు ముందే పసిగట్టడం అనే అలవాటు అప్పటినుంచే ఉంది.

ప్లేయర్‌గా ఛాంపియన్స్ లీగ్ మాత్రం అతనికి దక్కలేదు, దక్కకపోవడం కూడా మామూలుగా కాదు. 2005 మే 25, ఇస్తాంబుల్, ఏసీ మిలాన్ తరఫున లివర్‌పూల్ మీద ఫస్ట్ హాఫ్‌లోనే రెండు గోల్స్ కొట్టాడు, రెండోదైతే కాకా వేసిన ఆ పొడుగు పాస్‌కి బంతిని ఆపకుండా అలా చిప్ చేసి లేపాడు చూడండి, స్ట్రైకర్ అవ్వాలనుకునే పిల్లలకి క్లాస్‌లో చూపించాలి. హాఫ్ టైమ్‌కి 3-0. తర్వాత ఆరు నిమిషాల్లో మూడు గోల్స్ ఇచ్చేశారు, పెనాల్టీల్లో ఓడిపోయారు, పెనాల్టీలప్పుడు క్రెస్పో గ్రౌండ్‌లో కూడా లేడు, అప్పటికే మార్చేశారు. 2007లో మిలాన్ అదే లివర్‌పూల్‌ని ఓడించి కప్పు కొట్టినప్పుడు ఇతను అదే ఊళ్ళోని ఇంకో క్లబ్ ఇంటర్‌లో ఉన్నాడు. ఇంటర్ 2010లో కొట్టింది, 2009లోనే వదిలేసి జెనోవా వెళ్ళాడు. చెల్సీ 2012లో కొట్టింది, అది వదిలి ఎన్నేళ్ళో. అదృష్టం అనేది ఒకటుంటే ఇతని ఇంటి ముందు నుంచి బండి ఆపకుండా వెళ్ళిపోయేది.

అసలు నేను ఈ జెర్సీ కొన్నది స్ట్రైకర్ కోసం కాదండి, కోచ్ కోసం. కోచ్‌కి నంబర్ ఉండదు, పేరు రాసిన జెర్సీ ఎవరూ అమ్మరు, ఇతను కోచ్‌గా చేసిన యూఏఈ క్లబ్ అల్ ఐన్ ఊదారంగు జెర్సీ వెనకాల క్రెస్పో అని రాయిస్తే షాపువాడు ఏ నంబర్ అని అడుగుతాడు. అందుకని ఇది.

మన తెలుగువాళ్ళు ఇక్కడ ఎక్కువగా క్రికెట్‌కే వెళ్తారు, ఫుట్‌బాల్ అంటే మలయాళీలదే రాజ్యం, నా రూమ్మేట్ మలప్పురం మనిషి, వాళ్ళ ఊళ్ళో అర్జెంటీనా జెండాలు మన ఊళ్ళో హీరోల కటౌట్లకంటే పెద్దవి, అతని పుణ్యమా అని నాకు ఈ పిచ్చి అంటుకుంది. అతను నవంబర్ 2023లో అల్ ఐన్‌కి క్రెస్పో వస్తున్నాడు అంటే నేను నమ్మలేదు, అంత పెద్ద స్ట్రైకర్ ఇక్కడెందుకు అని. అప్పుడు వెనక్కి వెళ్ళి ఇతని కోచింగ్ ట్రాక్ రికార్డ్ చదివితే అర్థమైంది, ఇతను షార్ట్‌కట్ తీసుకోలేదు. ఇతనితో ఆడినవాళ్ళు, ఇతనికంటే తక్కువ ఆడినవాళ్ళు కూడా మొదటి ఉద్యోగమే పెద్ద క్లబ్‌లో పట్టేశారు. ఇతను పార్మా పిల్లల టీమ్‌కి చెప్పాడు, తర్వాత ఇటలీ రెండో డివిజన్‌లో మోడెనా, అక్కడ సీజన్ పూర్తి కాకముందే తీసేశారు. తర్వాత అర్జెంటీనాలో బాన్‌ఫీల్డ్, అక్కడా పెద్దగా కుదరలేదు.

మలుపు డెఫెన్సా ఇ హుస్టీసియాలో. బ్యూనస్ ఎయిర్స్ శివార్లలో ఫ్లోరెన్సియో వరేలా అనే చోట ఉండే చిన్న క్లబ్, పెద్ద కప్పు అన్నది వాళ్ళ అల్మరాలోనే లేదు. 2021 జనవరి 23న కోర్డోబాలో దక్షిణ అమెరికా క్లబ్‌ల కప్పు కోపా సుదమెరికానా ఫైనల్, కోవిడ్ వల్ల స్టాండ్స్ ఖాళీ, ఇంకో అర్జెంటీనా క్లబ్ లనూస్‌ని 3-0 కొట్టారు. అక్కడినుంచి బ్రెజిల్‌లో సావో పాలో, అదే ఏడు అదే ఊరి క్లబ్ పాల్మేరాస్‌ని ఓడించి పౌలిస్తా, అంటే ఆ రాష్ట్రం లీగ్ టైటిల్ తెచ్చాడు, ఆ క్లబ్‌కి 2012 తర్వాత ఏ కప్పూ లేదు, ఊరంతా పండగ, అయినా అక్టోబర్‌కల్లా ఇంటికి పంపేశారు. బ్రెజిల్‌లో కోచ్ ఉద్యోగం అంటే అంతే, బ్యాగు విప్పకుండా ఉండటం మంచిది. తర్వాత ఖతార్‌లో అల్ దుహైల్‌కి లీగ్ గెలిపించాడు, ఆ తర్వాత మా పక్కకి వచ్చాడు.

ఇతని కోచింగ్ నచ్చడానికి నాకు అనిపించే కారణం ఒకటే, ఇతను బెంచ్ మీద కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి. బయటినుంచి చూస్తే రోమ్ క్లబ్ లాజియో 2000లో ప్రపంచ రికార్డు రేటుకి కొన్న మనిషి, మొదటి సీజన్‌లోనే 26 గోల్స్‌తో ఇటలీ టాప్ స్కోరర్, పార్మా చరిత్రలో అందరికంటే ఎక్కువ గోల్స్ అతనివే. కానీ దేశం తరఫున చూడండి, బియెల్సా కోచ్‌గా ఉన్నప్పుడు బాతిస్తూతానీ ఇతన్నీ కలిపి ఆడించడానికి ఒప్పుకునేవాడు కాదు, ఇద్దరూ సెంటర్ ఫార్వర్డ్‌లు, ఒకరే ఆడాలి. 2002 వరల్డ్ కప్ క్వాలిఫయర్స్‌లో అర్జెంటీనాకి ఎక్కువ గోల్స్ కొట్టింది క్రెస్పో, వరల్డ్ కప్ మొదలయ్యాక స్టార్ట్ చేసింది బాతిస్తూతా. స్వీడన్ మ్యాచ్‌లో బాతి ప్లేస్‌లో వచ్చి 88వ నిమిషంలో గోల్ కొట్టాడు, 1-1, సరిపోలేదు, గ్రూప్ స్టేజ్‌లోనే ఇంటికి. చెల్సీలో ద్రోగ్బాతో అదే కథ. అంతకుముందు 1996లో పార్మాకి వచ్చిన కొత్తలో గోల్స్ పడక సొంత ఫ్యాన్సే ఈలలు వేస్తుంటే అప్పటి కోచ్ అన్చెలోత్తి మాత్రం టీమ్‌లోంచి తియ్యలేదు. ఇవన్నీ పడ్డ మనిషికి బెంచ్ మీద కూర్చున్నోడి మొహం చదవడం వస్తుంది అని నా థియరీ, మా రూమ్మేట్ ఒప్పుకోడు, నీకు మరీ సినిమా ఎక్కువైంది భాయ్ అంటాడు.

సరే సాక్ష్యం చూపిస్తా. అల్ ఐన్‌తో 2023-24 ఏషియన్ ఛాంపియన్స్ లీగ్. క్వార్టర్స్‌లో రొనాల్డో ఉన్న సౌదీ క్లబ్ అల్ నస్ర్, రెండు మ్యాచ్‌లు కలిపి 4-4, పెనాల్టీల్లో 3-1. సెమీస్‌లో ఇంకో సౌదీ క్లబ్ అల్ హిలాల్, వాళ్ళు వరసగా 34 మ్యాచ్‌లు గెలిచి వస్తున్నారు. ఏప్రిల్ 16న ఇక్కడ ఆ కుంభవృష్టి పడింది గుర్తుందిగా, దాంతో సెమీస్ మొదటి మ్యాచ్ ఒకరోజు వాయిదా, మా వీధిలో మోకాలి పైకి నీళ్ళు, లిఫ్ట్ లేదు, కింద కార్లు తేలుతున్నాయి, మేము ఫోన్‌లో ఛార్జింగ్ లెక్కపెట్టుకుంటూ చూశాం. అల్ ఐన్ స్ట్రైకర్ సుఫియాన్ రహీమి ఫస్ట్ హాఫ్‌లోనే మూడు కొట్టాడు, 4-2. బంతి వాళ్ళకే వదిలేసి, వాళ్ళు పైకి రాగానే రహీమిని వెనకాల ఖాళీలోకి పరిగెత్తించడం, ప్లాన్ అంతే, కానీ ఎవరికీ ఆపడం రాలేదు. డెఫెన్సాలో ముందుకెళ్ళి మీద పడి ఆడించిన మనిషే ఇక్కడ వెనక్కి కూర్చోబెట్టి ఆడించాడు, ఉన్న ప్లేయర్లని బట్టి వంట మార్చుకున్నాడు.

ఫైనల్ జపాన్ క్లబ్ యోకోహామా మీద. అక్కడికెళ్ళి 2-1 ఓడారు, రెండో మ్యాచ్ అల్ ఐన్‌లోనే, హజ్జా బిన్ జాయెద్ స్టేడియం, తేదీ 2024 మే 25. ఇస్తాంబుల్ జరిగిన అదే తేదీ, సరిగ్గా 19 ఏళ్ళకి. ఇంకా వినండి, యోకోహామా కోచ్ ఎవరనుకున్నారు, హ్యారీ క్యూయెల్, ఇస్తాంబుల్‌లో లివర్‌పూల్ తరఫున స్టార్ట్ చేసి దెబ్బ తగిలి బయటికెళ్ళిన మనిషి. రాస్తే ఓవర్ చేశావ్ అంటారు కానీ ఇది నిజంగానే జరిగింది. 5-1 గెలిచారు. చివర్లో ఎక్స్‌ట్రా నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టింది బెంచ్ మీద నుంచి వచ్చిన కోజో లాబా. నా థియరీకి ఇంతకంటే ఏం కావాలి? రూమ్మేట్ ఆ రోజు మాత్రం ఏం మాట్లాడలేదు.

అంతా తీపే కాదు. అదే ఏడాది నవంబర్‌లో అల్ నస్ర్ చేతిలో 5-1 తిన్నాక అల్ ఐన్ తీసేసింది, ఆసియా కప్పు తెచ్చి ఆరు నెలలు కూడా కాలేదు. బంతి మన దగ్గరే ఉండాల్సిన మ్యాచ్‌ల్లో టీమ్‌కి ఏం చెయ్యాలో తెలిసేది కాదు, డిఫెన్స్ గేట్లు తెరిచినట్టుండేది, అది క్రెస్పో లోపమే, ఫ్యాన్ అయినా ఒప్పుకోవాలి. ఎక్కడా రెండేళ్ళు నిలబడలేదు అన్నది కూడా నిజం. 2025లో మళ్ళీ సావో పాలోనే పిలిచింది, తీసేసినవాళ్ళే పిలిచారంటే అంత చెడ్డ కోచ్ ఏం కాదు.

అందుకే ఆ ప్యాచ్ మీద నా కోపం కొంచెం తగ్గింది, ఛాంపియన్స్ లీగ్ కొట్టాడు, కానీ వేరే ఖండంలో, షార్ట్స్‌లో కాదు ప్యాంట్‌లో. అయినా ఈ జెర్సీకి ఆ ప్యాచ్ తప్పే, తెలిసినవాళ్ళ ముందు వేసుకెళ్తే మొదట అదే పట్టుకుంటారు. సెల్లర్‌కి మెసేజ్ పెట్టా, "సర్, అన్ని జెర్సీలకీ అదే ప్యాచ్ వస్తుంది" అని రిప్లై, పక్కన చేతులు జోడించిన ఎమోజీ. దగ్గర్లో టైలర్ దగ్గరికెళ్తే 10 దిర్హమ్‌లు తీసుకుని ఊడదీశాడు, కుట్టు గుర్తులు లైట్‌గా కనపడుతున్నాయి, ఎవరూ చూడరు.

మొత్తం మీద 5కి 3. క్లాత్ మార్చి 75కి ఇస్తే 4 ఇచ్చేవాడిని. కొనేవాళ్ళు ఒక సైజ్ తక్కువ పెట్టండి, పొట్ట ఉన్నా సరే సరిపోద్ది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వేసుకోడానికే పనికొస్తుంది, ఇండియాకి పంపేవాళ్ళయితే ఎండాకాలం ఊసెత్తకండి. ఇస్త్రీ పెట్టె నంబర్ మీద అస్సలు పెట్టొద్దు. ఆర్డర్ పెట్టేటప్పుడే ప్యాచ్ కుట్టకండి అని చాట్‌లో రాయించుకోండి, స్క్రీన్‌షాట్ దాచుకోండి, లేకపోతే తర్వాత రిటర్న్ తీసుకోరు.