పదేళ్లు, 31 వేల మైళ్లు: నా రోవర్ పీ5బీ

మా నాన్నకు మోకాళ్లు అరిగిపోయాయి. తెనాలి నుంచి వచ్చినప్పుడల్లా మా ఆవిడ కొత్త కారులో వంగి కూర్చోవడం, మళ్లీ లేవడం ఆయనకు నరకం. నా రోవర్‌లో మాత్రం తలుపు తీసి ఇంట్లో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటారు, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగుతారు. ఈ కారు గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే నేను చెప్పేది ఇదే, మనిషిని ఎలా కూర్చోబెట్టాలో బాగా తెలిసినవాళ్లు చేసిన బండి.

నాది 1970లో తయారైన రోవర్ 3.5 లీటర్ సెలూన్, అంటే సెడాన్ రకం కారు. పీ5బీ అంటారు. 2015లో కొన్నాను, పదేళ్లలో 31 వేల మైళ్లు, అంటే దాదాపు 50 వేల కిలోమీటర్లు తిరిగాను. టివిడేల్ బాలాజీ గుడికి, ఎయిర్‌పోర్టుకి, వేల్స్ కొండల్లోకి అన్నిటికీ ఇదే. బర్మింగ్‌హామ్‌లో మా ఇంటి నుంచి ఇది పుట్టిన సోలిహల్‌కి అరగంట కూడా పట్టదు.

రెండో ప్రపంచ యుద్ధంలో కోవెంట్రీ ఫ్యాక్టరీ మీద బాంబులు పడ్డాక రోవర్ వాళ్లు సోలిహల్‌కి మారారు. ఆ తర్వాత కొన్నేళ్లు ఇక్కడ ఎగుమతి చేసేవాళ్లకే ఉక్కు కేటాయించేవారు కాబట్టి చాలా కంపెనీలు యుద్ధానికి ముందరి డిజైన్లతోనే నెట్టుకొచ్చాయి. రోవర్ కొత్త రూపం 1949లో పీ4తో వచ్చింది, అది కూడా ఛాసిస్ (కింద ఉండే ఉక్కు చట్రం) మీద విడిగా బాడీ బిగించిన కారే. 1958లో వచ్చిన పీ5తో ఆ ఛాసిస్ పోయింది, బాడీయే బరువంతా మోస్తుంది. ఇంజిన్ మాత్రం పాత ఇనుప ఆరు సిలిండర్లదే పెట్టారు. ఒక స్నేహితుడి దగ్గరున్న ఆ 3 లీటర్ పీ5 నడిపి చూశాను, చప్పుడు లేకుండా హాయిగా పోతుంది కానీ ఎత్తు ఎక్కమంటే ఆయాసపడుతుంది.

1967లో అసలు మార్పు వచ్చింది. అమెరికాలో బ్యూక్ వాళ్లు 1963 తర్వాత వదిలేసిన అల్యూమినియం వీ8 (ఎనిమిది సిలిండర్లు రెండు వరసల్లో వీ ఆకారంలో ఉండే) ఇంజిన్ హక్కులు రోవర్ కొనేసి, దాన్ని ఈ బండిలో పెట్టింది. 3528 సీసీ. పాత ఇనుప ఇంజిన్‌కంటే దాదాపు 90 కిలోలు తేలిక, బలం చూస్తే బాగా ఎక్కువ. పేరు చివర బీ అక్షరం బ్యూక్ కోసమే. ఆ ఇంజిన్ తర్వాత రేంజ్ రోవర్‌లోకి, మోర్గన్‌లోకి కూడా వెళ్లింది. మోటార్‌వే మీద 70 మైళ్ల స్పీడులో వెనక సీట్లో అమ్మానాన్నా గొంతు పెంచకుండా మాట్లాడుకుంటుంటే ముందు నాకు ప్రతి మాటా వినపడుతుంది, అంత నిశ్శబ్దం.

మలుపుల్లో బాగా ఒరుగుతుంది, ఆ విషయం దాచను. ఉన్నవి మూడు గేర్లే, ఆటోమేటిక్, తొందరపెడితే దానికి నచ్చదు. 1968లో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌జే6 ఒకసారి నడిపాక తేడా ఎంతో తెలిసింది. అది గతుకులు తెలియనివ్వదు, మలుపులో ఒరగదు, రెండూ ఒకే కారులో. నా ఉద్దేశంలో ఆ బండి వచ్చిన రోజే మిగతా బ్రిటిష్ పెద్ద కార్లన్నీ ముసలివైపోయాయి, నాది కూడా.

అయినా నాది నాకు ఇష్టం. డ్యాష్‌బోర్డు కింద మధ్యలో ఒక సన్నటి సొరుగు ఉంటుంది, లాగితే స్పానర్లు, స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లయర్ ఒక్కొక్కటి దాని ఆకారంలో చేసిన గుంటలో పడుకుని ఉంటాయి. ఏదైనా తీసి మళ్లీ పెట్టడం మర్చిపోతే ఆ ఖాళీ గుంట కనిపిస్తూనే ఉంటుంది. నాన్న ఇరిగేషన్‌లో పనిచేసినన్నాళ్లూ ఆఫీసు అంబాసిడర్‌లోనే తిరిగారు, అదీ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన బండే కదా. డ్రైవర్ సీటు కింద గోనెగుడ్డలో మూటగట్టిన పానాలు ఆయనకింకా గుర్తు. ఈ సొరుగు మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు తెరిచి మూస్తూ కూర్చున్నారు.

గేడన్‌లోని కార్ల మ్యూజియంలో ఎలిజబెత్ రాణి వాడిన పీ5బీ ఉంది, అక్కడికీ తీసుకెళ్లాను. 1973లో తయారీ ఆపేసేటప్పుడు చివరి బండ్లను ప్రభుత్వమే కొని దాచుకుంది, అందుకే 1979లో మార్గరెట్ థాచర్ బ్రిటన్ ప్రధానిగా తన అధికార నివాసం ఉన్న డౌనింగ్ స్ట్రీట్‌కి వచ్చింది కూడా ఇలాంటి కారులోనే.

ఇక కష్టాలు. అన్నిటికంటే పెద్దది తుప్పు. చలికాలంలో ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది కిందికి చేరి తినేస్తుంది. కొన్న రెండో ఏడు తలుపు కింది అంచు మీద స్క్రూడ్రైవర్‌తో తట్టి చూస్తే అది సగం లోపలికి దిగిపోయింది. ఎప్పుడో ఏ గ్యారేజీ వాళ్లో పుచ్చిన రేకు కోయకుండా దాని మీదే కొత్త రేకు వెల్డింగ్ చేసి, నల్ల రంగు పూసి పంపించారు. రెండు వైపులా మొత్తం కోయించి కొత్తది వేయించడానికి 2,800 పౌండ్లు అయ్యింది, బండి ఏడు వారాలు కదల్లేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మైలేజీ ఊళ్లో లీటరుకు ఆరు కిలోమీటర్లు, లాంగ్ డ్రైవ్‌లో ఏడు. 2021లో మామూలు పెట్రోల్ ఈ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిపినది) అయిపోయింది, పాత బండికి అది పడదని ఇథనాల్ తక్కువుండే ఖరీదైన ఈ5 పోయిస్తాను. నలభై ఏళ్లు దాటిన బండి కాబట్టి రోడ్ ట్యాక్స్ లేదు, ఏటా ఫిట్‌నెస్ పరీక్ష కూడా తప్పనిసరి కాదు, అయినా నేను ప్రతి ఏడూ చేయిస్తాను. ఇంట్లోవాళ్లను ఎక్కించుకునే బండి మరి. ఇంజిన్ ఆయిల్ 3,000 మైళ్లకోసారి మార్చాల్సిందే, లేకపోతే ట్యాపెట్లు (ఇంజిన్ వాల్వులను కదిపే భాగాలు) టకటకమంటాయి. రేడియేటర్‌లో మంచి కూలెంట్ ఏడాది పొడవునా ఉండాలి, ఉత్త నీళ్లు పోస్తే అల్యూమినియాన్ని లోపలి నుంచి తినేస్తాయి.

కొనాలనుకుంటే తోలు సీట్లు, చెక్క పాలిష్ చూసి మురిసిపోకుండా ముందు బండిని లిఫ్ట్ ఎక్కించి కింద చూడండి. ఇంజిన్ సామాను సులువుగానే దొరుకుతుంది, బాడీ పనికే జేబు ఖాళీ అవుతుంది.

ప్రస్తుతం వెనక అద్దం రబ్బరు గట్టిపడి వాన నీళ్లు సీటు వెనక్కి దిగుతున్నాయి. జూన్‌లో నాన్న వస్తున్నారు, ఈలోగా అది మార్పించాలి.